ఆకు, వేరు, మట్టి వాసనలు సీసాలోకి దింపడం: డిజైన్ ప్రాజెక్టుకు ఇంటి బట్టీ

"మా ఊరి వాసనల మీద ప్రాజెక్టు చేస్తున్నాం, మల్లెపూల నుంచి సెంటు తీయడం ఎలా?" డిజైన్, ఆర్కిటెక్చర్ చదివే పిల్లలు పదే పదే అడిగేది ఇదే. ముందే చెప్పేస్తే మీకు పూలూ మిగులుతాయి, గ్యాసూ మిగులుతుంది: ఈ బట్టీ ఆవిరితో నడుస్తుంది (ఆవిరి సరుకులోని వాసనను మోసుకెళ్లి, చల్లటి గొట్టంలో మళ్లీ నీరై సీసాలోకి దిగుతుంది), మల్లె ఆ ఆవిరికి లొంగదు. మరిగే నీళ్లలో వేస్తే ఉడికిన ఆకుకూర వాసన వస్తుంది. మల్లెకు వేరే దారి ఉంది, అది కింద చెప్తాం. ఈలోగా నెల్లూరు, ప్రకాశం ప్రాంతాల్లో ఆవిరికి చక్కగా లొంగే సరుకు బోలెడు దొరుకుతుంది. గూడూరు, పొదలకూరు మార్కెట్ల నిమ్మకాయ, పెరట్లో నిమ్మగడ్డి, ఒంగోలు, కందుకూరు, కనిగిరి చుట్టుపక్కల జామాయిల్ తోటల్లో ఆకు, పచారీ కొట్లో వట్టివేళ్లు. మొదటి ప్రయత్నం వీటిలో ఒకదానితో చేయండి. అన్నిటికంటే తేలిక నిమ్మగడ్డి.

నూనె మీద ఆశ పెట్టుకుని మొదలుపెట్టకండి. కిలో పచ్చి నిమ్మగడ్డికి, అంతా సరిగ్గా కుదిరితే 3 నుంచి 5 మిల్లీలీటర్ల నూనె వస్తుంది. ఇంటి బట్టీలో అందులో సగం దక్కినా గొప్పే. మీకు దండిగా దొరికేది నూనెతో పాటు దిగే సుగంధజలం, అంటే మన పన్నీరు లాంటిది. ప్రాజెక్టుకు అది చాలు. అయితే ఆ నీటిని ఒకే సీసాలో పట్టకండి. ఒకే ఆకు మొదటి పావుగంటలో ఒక వాసన ఇస్తుంది, గంట దాటాక ఇంకొకటి. అంతా కలిపేస్తే సగటు వాసనే మిగులుతుంది. 50 మిల్లీలీటర్ల చొప్పున విడివిడిగా పడితే ఆ మొక్క వాసన మొదటి నుంచి చివరిదాకా వరసగా మీ బల్ల మీద ఉంటుంది. పరీక్షకులకు చూపించాల్సింది ఆ వరసే.

కావలసినవి

- 7.5 లీటర్ల స్టీలు ప్రెషర్ కుక్కరు. రబ్బరు, సేఫ్టీ వాల్వు కొత్తవి వేయించండి. వంటకు వాడేది వద్దు, వాసన వదలదు.
- 3/8 అంగుళం రాగి గొట్టం, 3 మీటర్లు. ఏసీ, ఫ్రిజ్ మెకానిక్కులు కొనే దుకాణంలో దొరుకుతుంది.
- ఫుడ్ గ్రేడ్ సిలికాన్ ట్యూబు, 30 సెంటీమీటర్లు, రెండు క్లిప్పులు. మేస్త్రీలు వాడే లెవెల్ పైపు పనికిరాదు, వేడికి మెత్తబడి ప్లాస్టిక్ కంపు కలుపుతుంది.
- 20 లీటర్ల బకెట్, ఎం-సీల్.
- కుక్కరు లోపల పట్టే చిల్లుల పళ్లెం, దాన్ని 6 సెంటీమీటర్ల ఎత్తున నిలిపే స్టీలు స్టాండు.
- ఇండక్షన్ పొయ్యి. గ్యాసు మీదా అవుతుంది గానీ, వేడిని అంకెల్లో రాసుకోవచ్చు కాబట్టి ఇండక్షన్ మేలు.
- మూతలున్న 50 మిల్లీలీటర్ల గాజు సీసాలు 12, 250 మిల్లీలీటర్లవి 2, కొలత గ్లాసు, సూది తీసేసిన సిరంజి, వంటింటి తూకం, థర్మామీటర్.
- ఆర్‌వో నీళ్లు. కనిగిరి, పొదిలి వైపు బోరు నీళ్లు వాడితే కుక్కరు అడుగున తెల్లటి పెచ్చు కట్టి, ఆ పెచ్చు కింద మాడుతుంది.
- ఐసు. చేపల మార్కెట్ దగ్గర గడ్డల లెక్కన అమ్ముతారు. అది శుభ్రమైన ఐసు కాదు, బకెట్‌లోకి తప్ప ఇంకెక్కడా వాడకండి.

ఇవన్నీ కొనే ముందు మీ సరుకు పనికొస్తుందో లేదో చూడాలంటే తిరగేసిన మూత చాలు. పెద్ద గిన్నెలో అంగుళం మందాన నీళ్లు పోసి, మధ్యలో స్టాండు మీద చిన్న గిన్నె పెట్టి, చుట్టూ ఆకు వేయండి. మూతను తిరగేసి కప్పి, పైన ఐసు ముక్కలు పరిచి, సన్న మంట మీద 40 నిమిషాలు ఉంచండి. మూత పిడి నుంచి కారిన చుక్కలు మధ్య గిన్నెలో చేరతాయి. అరగ్లాసు వస్తుంది. అందులో వాసన బాగుంటేనే రాగి గొట్టం కొనండి.

మొదలుపెట్టే ముందు రెండు మాటలు

ఒకటి, ఈ బట్టీలో బెల్లం, పులిసిన పండ్లు, సారాయి, స్పిరిట్ ఏవీ పోయకూడదు. స్పిరిట్ ఆవిరి అంటుకుంటుంది, సారాయి కాయడం ఎక్సైజ్ నేరం. కుక్కరు, రాగి చుట్ట, బకెట్ చూసిన ఎవరికైనా ముందు సారా బట్టీయే గుర్తొస్తుంది. హాస్టల్లోనో అద్దె ఇంట్లోనో చేస్తుంటే కాలేజీ నుంచి ఒక లేఖ తెచ్చి దగ్గర పెట్టుకోండి, ఇంటి ఓనరుకు ముందే చెప్పండి.

రెండు, ఆవిరి దారి ఎక్కడా మూసుకోకూడదు. ఇది ప్రెషర్ లేకుండా నడిచే పని. గొట్టం మూసుకుంటే మళ్లీ అది ప్రెషర్ కుక్కరే, పైన విజిల్ కూడా లేదు. సేఫ్టీ వాల్వును కదిలించకండి, దాని మీద ఏదీ అతికించకండి. బట్టీ నడుస్తున్నంతసేపూ మనిషి పక్కనే ఉండాలి.

చేసే పద్ధతి

1. రాగి గొట్టం ఒక చివర టేపుతో మూసి, జల్లించి ఎండబెట్టిన సన్న ఇసుక కూరి, రెండో చివరా మూయండి. 4 అంగుళాల పీవీసీ పైపు చుట్టూ నెమ్మదిగా చుడితే ఏడెనిమిది చుట్లు వస్తాయి. ఇసుక లేకుండా చుడితే గొట్టం నొక్కుకుంటుంది, నొక్కుకున్న చోటే తర్వాత ఆవిరి ఆగుతుంది. చుట్టాక ఇసుక దులిపి, నీళ్లతో కడిగి, నోటితో ఊది చూడండి. గాలి అడ్డం లేకుండా పోవాలి.

2. బకెట్ గోడకు అడుగున చిల్లు పెట్టి, గొట్టం కింది కొసను బయటికి తీసి, ఎం-సీల్‌తో మూసి ఒక రోజు ఆరనివ్వండి. పై నుంచి కింది దాకా ప్రతి చుట్టూ కిందికే వాలాలి. మధ్యలో ఎక్కడైనా పైకి లేస్తే అక్కడ నీరు నిలిచి, ఆవిరి గుడగుడమని తోసుకుంటూ వస్తుంది.

3. కుక్కరు మూత మీది విజిల్ తీసి, ఆ ముక్కుకు సిలికాన్ ట్యూబు తొడిగి క్లిప్పు బిగించండి. రెండో కొస రాగి గొట్టానికి. ట్యూబు ఎంత పొట్టిగా ఉంటే అంత మంచిది, సిలికాన్ వాసనలు పీల్చుకుంటుంది. ప్రతి సరుకుకూ వేరే ముక్క వాడండి.

4. ఉట్టి నీళ్లతో ఒకసారి కాయండి. అందరూ దాటేసేది ఈ మెట్టే. లీటరు ఆర్‌వో నీళ్లు పోసి, 200 మిల్లీలీటర్లు దించి, వాసన చూడండి. రబ్బరు, మెషీన్ ఆయిల్, తుప్పు, ఏది తగిలినా రేపు మీ వట్టివేళ్లలోనూ అదే ఉంటుంది. లీటరు గోరువెచ్చని నీళ్లలో రెండు చెంచాల నిమ్మ ఉప్పు కరిగించి, గరాటుతో గొట్టం గుండా పోసి కడిగి, మంచినీళ్లు పారించి మళ్లీ కాయండి. వాసన లేని నీళ్లు వచ్చాక ఒక సీసా నింపి "ఖాళీ" అని చీటీ అంటించి దాచండి. తర్వాత పోల్చుకోవడానికి అదే ఆధారం.

5. నిమ్మగడ్డి కోశాక ఒక పూట నీడలో వాడనివ్వండి. 700 గ్రాములు తూచి, 2–3 సెంటీమీటర్ల ముక్కలుగా కోయండి. మిక్సీ వద్దు. పిండి అయిన ఆకు ఆవిరితో పైకి లేచి ముక్కులో ఇరుక్కుంటుంది.

6. కుక్కరులో 2 లీటర్ల ఆర్‌వో నీళ్లు పోసి, స్టాండు, చిల్లుల పళ్లెం పెట్టి, దాని మీద ఆకు వదులుగా వేయండి. మొత్తం మూడింట రెండు వంతులు మించకూడదు. ఆకు నీళ్లను తాకకూడదు, మూతనూ తాకకూడదు.

7. బకెట్ నిండా నీళ్లు, ఐసు వేసి, 1200 వాట్ల మీద మొదలుపెట్టండి. మొదటి చుక్క పడగానే 600కి దించండి. 50 మిల్లీలీటర్ల సీసా ఐదు నిమిషాలకు నిండితే వేగం సరిగ్గా ఉన్నట్టు. రెండు నిమిషాలకే నిండుతుంటే వేడి తగ్గించండి.

8. సీసాలకు 1 నుంచి 10 దాకా నంబర్లు వేసి వరసగా పట్టండి. గొట్టం కొస సీసాలోని నీటికి పైనే ఉండాలి, మునగకూడదు. మునిగితే పొయ్యి ఆపగానే కుక్కరు చల్లబడి, దిగిన నీటిని వెనక్కి లాగేసుకుంటుంది.

9. కొస దగ్గర దిగే నీటి వేడి చూస్తుండండి. 35 డిగ్రీల లోపు ఉంటే బాగు, 40 దాటకూడదు. గది ఘుమఘుమలాడుతోందంటే సంతోషించకండి. సీసాలోకి రావాల్సింది గదిలోకి పోతోంది. మన దగ్గర మే నెలలో ట్యాంకు నీళ్లే వేడిగా వస్తాయి కాబట్టి తెల్లవారుజామున చేయండి. లీటరు నీరు దిగి చల్లబడాలంటే సుమారు 5 కిలోల ఐసు కరుగుతుంది, ఆ లెక్కన తెచ్చుకోండి. ఐసు దొరక్కపోతే బకెట్ అడుగుకు చల్లనీళ్ల పైపు వదిలి, పైనుంచి వేడినీళ్లు పొర్లిపోనివ్వండి.

10. పది సీసాలు నిండాక మిగతాది ఇంకో రెండు సీసాల్లో 250 మిల్లీలీటర్ల చొప్పున పట్టి ఆపేయండి. ఎంత ఆశపడినా కుక్కరులో అరలీటరు నీళ్లు మిగిలి ఉండగానే ఆపాలి. పూర్తిగా చల్లబడ్డాక మూత తీయండి.

11. సీసాలను కదపకుండా రాత్రంతా ఉంచండి. మొదటి రెండు మూడింటి మీద పల్చటి పసుపు నూనె తెట్టు కనిపిస్తుంది. సిరంజితో పైనుంచి లాగండి. నూనె మరీ కొంచెమైతే అలాగే వదిలేయండి. విడదీయబోతే సిరంజి గోడలకు అంటుకునేదే ఎక్కువ.

12. రెండు రోజులు ఆగి వాసన చూడండి. అప్పుడే దిగిన నీటిలో ఏ సరుకైనా కొంత ఉడుకు వాసన కొడుతుంది. మూత వదులుగా పెట్టి ఉంచితే అది పోతుంది. దిగిన రోజే "బాగాలేదు" అని పారబోస్తే మంచి సీసా పోగొట్టుకుంటారు.

ఏ సరుకు ఎలా

*నిమ్మకాయ.* ప్రాజెక్టుకు ఇంతకంటే మంచి సరుకు లేదు, ఎందుకంటే ఒకే కాయ రెండు వేరు వేరు వాసనలు ఇస్తుంది. కాయల పై తొక్కను మాత్రం తురిమి, 300 గ్రాముల తురుము గుడ్డ సంచిలో కట్టి పళ్లెం మీద పెట్టి కాస్తే కోసిన నిమ్మకాయకు దగ్గరి వాసన దిగుతుంది. అదే కిలో కాయల్ని రసంతో సహా నలగ్గొట్టి, లీటరు నీళ్లలో కలిపి కాస్తే వచ్చేది వేరు: నిమ్మ సోడా, కూల్‌డ్రింకు తరహా వాసన. రసంలోని పులుపు వేడిలో నూనెను మార్చేయడం వల్ల అలా అవుతుంది. ప్రపంచంలో లైమ్ నూనె చాలా భాగం ఇలా కాయను నలగ్గొట్టి కాచిందే, కూల్‌డ్రింకుల్లో మనం తాగేదీ ఆ రుచే. రెండు సీసాలు పక్కపక్కన పెట్టండి, వివరణ అక్కర్లేదు. రసంతో కాచేటప్పుడు అల్యూమినియం గిన్నె ముట్టుకోవద్దు, పులుపు దాన్ని తినేస్తుంది. గింజలు, గుజ్జు పొంగుతాయి కాబట్టి కుక్కరు సగానికి మించి నింపకండి. కాయకుండా తొక్క పిండి తీసిన పచ్చి నూనెను ఎవరి చేతికీ రాయకండి. అది రాసుకుని ఎండలోకి వెళ్తే చర్మం కాలినట్టు బొబ్బలెక్కుతుంది.

*వట్టివేళ్లు.* ఓపిక ఉంటేనే దీని జోలికి వెళ్లండి. నూనె చిక్కన, ఆవిరికి తొందరగా లేవదు. పరిశ్రమల్లో పగలూ రాత్రీ కాస్తారు. 500 గ్రాముల వేళ్లు మట్టి పోయేదాకా కడిగి, 2 సెంటీమీటర్ల ముక్కలు కోసి, రెండున్నర లీటర్ల నీళ్లలో రాత్రంతా నానబెట్టి, ఆ నీళ్లతోనే కుక్కరులో వేయండి. ఇక్కడ స్టాండు తీసేసి, ముక్కలు అడుగుకు తగలకుండా గుడ్డ సంచిలో కట్టి, అడుగున చిల్లుల పళ్లెం పెట్టాలి. మొదటి రెండు గంటలు తడి మట్టి, పచ్చి దుంప వాసన వస్తుంది. చాలామంది అక్కడే ఆపేసి "వట్టివేళ్ల వాసన రాలేదు" అంటారు. తీయటి, కలప లాంటి వాసన ఆ తర్వాతే దిగుతుంది. లీటరు దిగాక పొయ్యి ఆపి, చల్లార్చి, మీకు నచ్చిన సీసాలు పక్కన పెట్టుకుని, మిగతా నీటిని తిరిగి కుక్కరులోనే పోసి మళ్లీ కాయండి. రెండో విడత నుంచి బకెట్‌లో ఐసు వద్దు, గోరువెచ్చటి నీళ్లే ఉంచండి. మరీ చల్లబడితే ఈ నూనె గొట్టం గోడలకు అంటుకుపోతుంది. ఇది నీటితో సమాన బరువు కాబట్టి కొంత తేలుతుంది, కొంత మునుగుతుంది. కంగారు పడకండి.

*జామాయిల్.* ముదురు ఆకు 700 గ్రాములు, గంటలో పని అయిపోతుంది. మొదటి మూడు సీసాల్లోనే జలుబు మందు ఘాటు అంతా ఉంటుంది. ఈ నూనె నోట్లోకి పోతే పిల్లలకు ప్రమాదం, మూత గట్టిగా బిగించండి.

*మొగలి.* మగపూల పొత్తు తెల్లవారుజామున కోసి, ఆ పూటే కాయాలి. ఆకు అంచుల ముళ్లు లోతుగా గీరుతాయి, తోలు గ్లౌజులు వేసుకోండి. ఒడిశా గంజాం వైపు దీన్ని పెద్ద రాగి డేగిశాల్లో తరతరాలుగా కాస్తున్నారు. మీకు ఒకటి రెండు పొత్తులు దొరికినా సుగంధజలానికి సరిపోతాయి.

*మట్టి.* తొలివాన వాసన కావాలని అడగని వాళ్లు లేరు. ఉత్తి మట్టి కుక్కరులో వేస్తే బురదై మాడుతుంది. ఉత్తరప్రదేశ్‌లోని కన్నౌజులో మట్టిని బిళ్లలుగా చేసి, ఎండబెట్టి, కాల్చి, ఆ పెంకుల్ని కాచి, ఆవిరిని గంధం నూనెలోకి దించుతారు. మీరు కుమ్మరి దగ్గర సగం కాలిన, నీళ్లు తగలని పెంకులు కిలో తెచ్చి, చింతగింజంత ముక్కలు చేసి, నీళ్లలో వేసి కాయండి. పట్టే సీసాలో ముందే 10 మిల్లీలీటర్ల లిక్విడ్ పారఫిన్ (మందుల షాపులో ఉంటుంది) పోసి పెట్టండి. నీరు దిగాక బాగా కుదిపి, పైన తేలిన పారఫిన్ తీసుకోండి. పలచని వాసనే, కానీ నీటిలోకంటే అందులో ఎక్కువ కాలం నిలుస్తుంది. ఎర్రమట్టికీ నల్లరేగడికీ వేరు వేరుగా చేసి పోల్చండి.

*మల్లె, లిల్లీ.* బట్టీ వద్దు, నువ్వులు కావాలి. పొట్టు తీసిన తెల్లనువ్వులు అర కిలో, సాయంత్రం విచ్చబోయే మల్లెమొగ్గలు అంతే బరువు. వెడల్పాటి పళ్లెంలో ఒక పొర నువ్వులు, ఒక పొర మొగ్గలు పరిచి పల్చటి గుడ్డ కప్పండి. తెల్లారి వాడిన పూలు ఏరేసి, సాయంత్రం కొత్తవి వేయండి. ఇలా ఐదారు రాత్రులు. తర్వాత నువ్వుల్ని గానుగలో చిన్న మోతాదుకు ఒప్పుకునే చోట ఆడించండి, లేకపోతే నువ్వుల్నే సీసాలో పెట్టి చూపించండి. తడి పూలు వేస్తే బూజు పడుతుంది, అంతకుమించి ఇందులో తప్పు జరగదు. కొబ్బరినూనెతో చేయమని చాలాచోట్ల రాస్తారు గానీ, అది 25 డిగ్రీలకే కరుగుతుంది. నెల్లూరు ఎండల్లో ఏసీ గది లేకుండా కుదరదు.

చేపల పులుసు వాసన దించుదామనే ఆలోచన నెల్లూరు పిల్లలకు తప్పకుండా వస్తుంది. వద్దు. పులుసు వాసనలో తిరగమాత ఉంటుంది, రాత్రి నిలవ ఉన్న రుచి ఉంటుంది, అవి ఆవిరితో ఉన్నవున్నట్టు రావు. నీచు వాసనే ముందు కొడుతుంది, కుక్కరు మళ్లీ పనికిరాదు.

ఎక్కడ చెడుతుంది

దిగిన నీటికి రంగు ఉంటే లోపలి నీళ్లు పొంగి గొట్టంలోకి వచ్చాయని అర్థం. ఆ సీసా పక్కన పెట్టి వేడి తగ్గించండి. పాలలా మసకబారితే మాత్రం భయం లేదు, నూనె సన్నటి తుంపరలుగా కలిసి ఉందన్నమాట, మంచి గుర్తు. మాడు వాసన వస్తే ఆకు అడుగుకు తగిలింది లేదా నీళ్లు అయిపోయాయి. ఆ విడతలో ఏదీ బాగుపడదు, పారేయండి. అసలు వాసనే లేదంటే చాలాసార్లు తప్పు బట్టీది కాదు. సరుకు పాతది, లేదా నీళ్లు ఎక్కువై వాసన పల్చబడింది. కిలో ఆకుకు మూడు లీటర్లు మించి పోయకండి. చుక్కలు ఆగి, కుక్కరు మూత అంచుల నుంచి ఆవిరి చిమ్ముతుంటే గొట్టం మూసుకుంది. వెంటనే పొయ్యి ఆపి దూరంగా జరగండి. మూత తీయాలని చూడొద్దు, చల్లబడేదాకా ఆగండి.

సరిగ్గా వచ్చిందో లేదో చూడటం

డ్రాయింగ్ పేపరు సెంటీమీటరు వెడల్పు, 12 సెంటీమీటర్ల పొడవున కత్తిరించండి. ఒక్కో సీసాలో ఒక్కో చీలిక ముంచి, వెంటనే, పది నిమిషాలకు, గంటకు, మర్నాడు వాసన చూసి మీ మాటల్లో రాయండి. "బాగుంది" అని రాస్తే పనికిరాదు. "కొత్త చాప", "పచ్చి మామిడి జీడి", "సున్నం వేసిన గోడ", ఇలా రాయండి. సరుకు ఎక్కడిది, ఎప్పుడు కోశారు, బరువు, నీళ్లు, వాట్లు, దిగిన నీటి వేడి, ఇవన్నీ అదే కాగితం మీద ఉండాలి.

మూడో సీసాకూ ఏడో సీసాకూ నిజంగా తేడా ఉందా, లేక మీకు అలా అనిపిస్తోందా? ముగ్గు వేసిన చేతికి ముగ్గు అందమే కాబట్టి వేరేవాళ్లను అడగండి. మూడు చీలికలివ్వండి: రెండు ఒకే సీసావి, ఒకటి వేరేది. వేరేది ఏదో చెప్పమనండి. ఏ సీసాకు రెండు చీలికలన్నది మనిషి మనిషికీ మార్చండి. 12 మందిలో కనీసం 8 మంది సరిగ్గా పట్టుకుంటే తేడా ఉన్నట్టే. నలుగురైదుగురే అయితే అది గుడ్డిదెబ్బ. "ఖాళీ" సీసాతోనూ ఇదే పరీక్ష చేయండి. మీ పల్చటి సీసాకూ ఉట్టి నీటికీ తేడా తెలియకపోతే ఆ సీసాను ప్రదర్శనలో పెట్టకండి.

నూనె స్వచ్ఛత చూడాలంటే తెల్లకాగితం మీద ఒక చుక్క వేయండి. నిమ్మ, నిమ్మగడ్డి, జామాయిల్ నూనెలైతే ఒకటి రెండు రోజుల్లో జిడ్డు మరక దాదాపు మాయమవుతుంది. వట్టివేళ్లకు ఈ పరీక్ష చెల్లదు, దాని మరక చాలా రోజులుంటుంది.

నిల్వ, ప్రదర్శన

సీసాలు పది నిమిషాలు మరిగించి, ఆరబెట్టి వాడండి. సుగంధజలం ఫ్రిజ్‌లో పెడితే రెండు నెలలు ధీమాగా ఉంటుంది. తెల్లటి నూలుపోగుల్లాంటివి తేలితే బూజు, పారబోయండి. ముఖం మీద చల్లడానికీ, తాగడానికీ ఇది కాదు.

ప్రదర్శనలో చల్లవద్దు, వేడి చేయవద్దు. ఆస్తమా ఉన్నవాళ్లు ఆ గదిలోకి రావచ్చు. మూత ఉన్న గాజు జాడీలో తడిపిన ఫిల్టర్ కాగితం పెట్టి, చూసేవాళ్లనే మూత తీయనివ్వండి. వరసలో నిమ్మ ముందు, వట్టివేళ్లు చివర పెట్టాలి. బరువైన వాసన ముందు తగిలితే తేలికవి ముక్కుకు ఆనవు. మోడల్ థర్మోకోల్‌తో చేస్తున్నారా? నిమ్మ నూనె ఒక్క చుక్క పడినా థర్మోకోల్ అక్కడికక్కడే కరిగి గుంట పడుతుంది. డ్రాపర్ల రబ్బరు తలలూ మెత్తబడి జిగురవుతాయి. అందుకే నూనె సీసాలకు డ్రాపరు మూత కాకుండా మామూలు బిగింపు మూతే పెట్టండి.